గెడ్డం కెప్టెనా, కళ్లజోడు కెప్టెనా

ఆదివారం పదిన్నర అయ్యేసరికి తవిటమ్మ కలర్ టీవీని అరుగు మీదకి తెచ్చి పెట్టింది. మొగుడు కాశీబుగ్గలో ముచ్చటపడి కొన్న టీవీ అది. అప్పటికే వీధిలో సగం జనం వచ్చి కూర్చున్నారు. రెండు వేల రెండో సంవత్సరం నాటి మాట. ఉద్దానం సముద్రపు ఒడ్డున ఉన్న ఆ పల్లెలో, కరెంటు ఉన్న ఆదివారం సగం పడవలు వేటకి కదిలేవి కావు. కారణం ఆకాశంలో తిరిగే రెండు ఓడలు.

తెలుగులోకి మార్చిన ఏదో విదేశీ సీరియల్. కెప్టెన్ల పేర్లకి ఎవరికీ నోరు తిరగలేదు. అందుకని ఒకడు గెడ్డం కెప్టెన్, ఇంకొకడు కళ్లజోడు కెప్టెన్ అయ్యారు. ఇద్దరి నోరూ మంచిది కాదు. గెడ్డంవాడు అరుస్తాడు, చేతికి ఏది దొరికితే అది విసురుతాడు, మనుషుల్ని గాడిదలంటాడు. కళ్లజోడువాడు గొంతు పెంచడు. మనిషిని పేరుతో కాకుండా నంబరుతో పిలిచి, నవ్వుతూ పరువు తీస్తాడు.

పోయిన వారం ఇద్దరికీ ఒకే కష్టం వచ్చింది. ఓడలోంచి ఒక మనిషి బయటి చీకట్లోకి జారిపోయాడు. కళ్లజోడువాడు తలుపు మూయించి, మిగిలిన నలభై మందితో ముందుకి సాగిపోయాడు. గెడ్డంవాడు జారినవాణ్ణి బండబూతులు తిడుతూ, ఓడని రాళ్లవానలోకి వెనక్కి తిప్పాడు.

"నాయకుడంటే గెడ్డపోడే," అన్నాడు అప్పలరాజు. "తిడతాడు గానీ మనిషిని ఒగ్గెయ్యడు. మన తండేలు అలాటోడే గదా."

తండేలు అంటే పడవని నడిపించే పెద్ద. వాళ్ల పడవకి తవిటమ్మ మొగుడు కొండబాబు తండేలుగా ఉండేవాడు. ఆయన నోటికి సముద్రమైనా జడవాలి. ముసురు పట్టి పక్కవాడు కనబడనప్పుడు, చుక్కాని దగ్గర నుంచి ఒక్కొక్కణ్ణి పేరు పెట్టి తాతల దాకా తిట్టేవాడు. తిట్టు పడ్డవాడు "ఓ" అనాలి. మనుషులందరూ పడవలో ఉన్నారో లేదో ఆయన చూసుకునే పద్ధతి అది. ఆరు తిట్లకి ఆరు "ఓ"లు వస్తేనే పడవ కదిలేది.

నిరుడు కార్తీకంలో వాయుగుండం పట్టిన రోజు ఐదే వచ్చాయి. గున్నయ్యది రాలేదు. తండేలు పడవని వెనక్కి తిప్పాడు. నీళ్లలో నల్లగా ఏదో తేలుతూ కనబడితే, చుక్కాని అప్పలరాజు చేతిలో పెట్టి దూకేశాడు. గున్నయ్య పడవ ముందువైపు తాడు పట్టుకుని ఎలాగో పైకి పాకి బతికాడనీ, పాపం తండేలు మాత్రం మూడో రోజు ఒడ్డుకి కొట్టుకొచ్చాడనీ ఊరంతా చెప్పుకుంటుంది.

ఆ గున్నయ్యే ఇప్పుడు గొంతు సవరించుకున్నాడు.

"కళ్లజోడోడే కరెట్టు. ఒక్కడి కోసం ఓడంతా తిప్పీడమేటి? ఆ ఒక్కడు ఎలాటోడో ఎవులికెరిక?"

అప్పలరాజు లేచి నిలబడ్డాడు.

"ఇస్వాసం లేనోడా! నీ కోసం సచ్చినోడి ఇంటికాడ కూకుని, ఆడి పెళ్లాం ఎదట అనీ మాటేట్రా ఇది?"

గున్నయ్యకి తండేలు మీద కోపం ఉందని తెలియనివాళ్లు లేరు. ఆ రోజు పడవ ఎక్కేటప్పుడే వల ముడి జారిందని తండేలు అందరి ముందూ నోరు చేసుకున్నాడు. "నీ బాబూ ఇలాటి ముడేసే ములిగిపోనాడ్రా" అన్నాడు. తండ్రిని సముద్రానికి ఇచ్చుకున్నవాడికి ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. అయినా చచ్చినవాడి మీద కూడా కక్షేనా అని ఇద్దరు ముగ్గురు మొహం తిప్పుకున్నారు.

"కూకోండ్రా, ఆడి బాధ ఆడిది," అంది తవిటమ్మ. గున్నయ్య పక్కకి వచ్చి గొంతు తగ్గించింది. "గున్నా, మరోపాలి సెప్పు. నీళ్లల్లో మీ అన్న నిన్ను సూసేడు గదా. ఏటన్నాడు?"

ప్రతి ఆదివారం అడుగుతుంది. కడసారి ఆయన గొంతు విన్నది గున్నయ్య ఒక్కడే అని ఆవిడ నమ్మకం. ఆ ఒక్క మాట పట్టుకునే ఏడాదిగా నాలుగు మెతుకులు తింటోంది.

గున్నయ్య నేలకేసి చూశాడు.

"'సచ్చినోడా, నువ్వు బతికే ఉన్నావా! నాకది సాలు, ఒడ్డుకి పో' అన్నాడొదినా."

"నవ్వినాడా?"

"నవ్వినాడు."

తవిటమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. ఆవిడ ముఖం తేటపడటం చూస్తే గున్నయ్యకి తన మీద తనకే అసహ్యం వేసింది.

టీవీలో గెడ్డం కెప్టెన్ ఓడ, తప్పిపోయిన మనిషితో సహా క్షేమంగా తిరిగొచ్చింది. జనం చప్పట్లు కొట్టారు. గున్నయ్య చూడలేక పెరట్లోకి పోయి కొబ్బరిచెట్టు వెనక కూర్చున్నాడు.

కాసేపటికి వంటింట్లోంచి కేక వినిపించింది. మొగుడు పోయినా ఆయన నోరు మాత్రం ఆవిడకి వచ్చేసింది.

"ఒరే గున్నా, ఏడ సచ్చావురా? సేపల కూర సల్లారిపోతంది, పలకవేట్రా?"

"ఓ!" అన్నాడు గున్నయ్య, ఆవిడ మాట పూర్తి కాకుండానే.

ఆ రోజు తండేలు కేక కూడా ఇంతే స్పష్టంగా వినబడింది గానీ, పడవ ముందుభాగంలో వలల కుప్ప వెనక, టార్పాలిన్ కింద, కాలి బొటనవేలైనా సముద్రంలో పెట్టకుండా ముడుచుకు కూర్చున్న గున్నయ్య, పొద్దుటి తిట్టుకి పంతం పట్టి పలకలేదు.