చెవి కదపని గుర్రం

“మొహం కాదే, చెవులు చూడు,” అన్నాడు విశ్వేశ్వర్, మనవరాలి తలను రెండు చేతులా పట్టుకుని అటు తిప్పుతూ.

మలక్‌పేట రేసుకోర్సులో పరుగుకు ముందు గుర్రాలను గుండ్రంగా తిప్పుతున్నారు. కంచెకు ఇవతల తాతా మనవరాలూ నిలబడ్డారు. ఒకప్పుడు విశ్వేశ్వర్ ఆ మైదానంలోనే జాకీ. ఒకరోజు గుర్రం మీంచి పడి, కాలు విరిగి, లాల్‌దర్వాజాలోని ఇంటికి స్ట్రెచర్ మీద చేరాడు. “మళ్ల గుర్రాన్ని ముట్టుకుంటే నా మీద ఒట్టే,” అంది భార్య సులోచన. ముప్పై ఏళ్లుగా ఆమె ఆ ఒట్టు తీసి గట్టున పెట్టలేదు, ఆయనా అడగలేదు. కాకపోతే వీధిలో పెళ్లికొడుకు బరాత్ ఊరేగుతూ వెళ్తే, ఆ గుర్రం సందు మలుపు తిరిగేదాకా గుమ్మంలోంచి కదిలేవాడు కాదు. వెనక సులోచన ఆయన్నే చూస్తూ నిలబడేది.

అలాంటి మనిషి దగ్గరికొచ్చి మనవరాలు వర్షిత, “తాతా, మంచి గుర్రాన్ని పట్టుడెట్లనో నాకు నేర్పవా?” అంటే కాదనగలడా? మాఘమాసంలో ఆ పిల్ల పెళ్లి. గాజులకని లాడ్ బజార్ పోతున్నామని నానమ్మకు చెప్పి, ఆదివారం ఆదివారం ఇద్దరూ ఇటు వస్తున్నారు.

“ఏ గుర్రం ఎక్కువ గెలిస్తే దాని మీద ఎక్కువ బరువు పెడతరు. జీను కింద సీసం పలకలు. అన్నిటికీ సమానంగ ఛాన్స్ ఉండాలె గద. ఎంత బరువు మోస్తది, ఎంత దూరం ఉరకాలె, పోయినసారి ఎట్ల ఉరికింది, అన్నీ కలిపి చూడాలె.”

“అంటే మనింట్ల బరువంతా నానమ్మ మీదనే ఉంది. మంచి గుర్రం ఆమెనే అన్నట్టు!”

“మెల్లగనే! లాల్‌దర్వాజా దాకా ఇనవడుతది.”

ఇద్దరూ పడీపడీ నవ్వారు.

కానీ పిల్ల చదువు వంకరగా సాగుతోందని ఆయన బెంగ. బరువు, దూరం ఆమె చెవికెక్కవు. మైకు గర్జించినా చెవి కదపని గుర్రాన్నే వేలుపెట్టి చూపిస్తుంది.

“అది మొద్దుదే! గెలిచే గుర్రానికి చెవులు నిక్కుతయి, కాలు ఒక్కతాన నిలువది. నువ్వు సూపెట్టేటియన్నీ ఓడిపోయేటియే!”

“ఓడితే ఓడనీ. దీని మీద నువ్వయితే కూసుంటవా?”

“కండ్లు మూసుకుని కూసుంట. గెలుస్తదని మాత్రం అనుకోకు.”

విచిత్రమేమిటంటే, ఆమె ఇంతవరకు ఒక్క టికెట్టూ కొనలేదు. ఎప్పుడడిగినా ఒకటే మాట. “ఒక్క గుర్రం తాతా. అదొక్కటి కరెక్టుగ పట్టాలె. తప్పితే మనిల్లు ఆగమైతది.”

ఆ మాట విన్నప్పుడల్లా విశ్వేశ్వర్ గుండె గుభేలుమనేది. కొంపదీసి పెళ్లినగలు పందెంలో పెడుతుందా? తను నేర్పిన విద్యే పిల్ల కొంప ముంచితే సులోచనకు మొహం ఎలా చూపించాలి? మానేద్దామని ప్రతి శనివారం గట్టిగా అనుకునేవాడు. ఆదివారం పొద్దున్నే చొక్కా ఇస్త్రీ చేసుకునేవాడు.

సులోచన ఎన్నడూ ఆరా తీయలేదు. “బజారంత మనింటికే తెచ్చేటట్టున్నరు,” అంటూ, వాళ్లు వంకకు కొనుక్కొచ్చిన గాజులు అల్మారాలో పెట్టేది. బయల్దేరేటప్పుడు బెల్లం ముక్క కాగితంలో చుట్టి ఇచ్చేది. “ఎండల తిరుగుతరు, నోట్లె ఏసుకోండ్రి.” పరుగులయ్యాక, గుర్రాలకు మాలిష్ చేసే పాత దోస్తును బతిమాలి, ఆ బెల్లాన్ని వర్షిత చేత ఏదో ఒక గుర్రానికి పెట్టించేవాడు విశ్వేశ్వర్. ఒట్టుంది కదా, తను ముట్టుకునేవాడు కాదు. వారం వారం ఆ బెల్లం ముక్క పెద్దదవుతూ వచ్చింది.

ఆ ఆదివారం వర్షిత ఓ ఎర్ర గుర్రాన్ని చూసి ఆగిపోయింది. దాని నుదుట తెల్లచుక్క. వెనక రోడ్డు మీద ఎవరిదో పెళ్లి బ్యాండు మోగింది. మిగతా గుర్రాలు బెదిరి పక్కకు దూకాయి. ఇది ఆవులించింది.

“ఇదే తాతా! పక్కా!”

“దీనికి ఇయ్యాల్నే ఆఖరి పరుగు బిడ్డా. ఇంక పెండ్లిలకు తిప్పుతరంట.”

“ఇదే!”

ఆ గుర్రం అన్నిటికంటే వెనక, షికారుకొచ్చినట్టు తీరిగ్గా వచ్చింది. వర్షిత చప్పట్లు కొట్టి ఎగిరి గంతులేసింది. విశ్వేశ్వర్ నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

“ఏం పోగొట్టుకున్నవే?”

“ఏం లేదు తాతా! ఫికర్ చెయ్యకు!”

పెళ్లినాటి సాయంత్రం ఎదుర్కోళ్లు. కంచన్‌బాగ్ నుంచి మగపెళ్లివారు వచ్చి వీధి చివర దిగారు. బ్యాండుతో ఎదురెళ్లి వాళ్లను తీసుకురావాలి. ఆడపెళ్లివారి తరఫున ఇంటిపెద్ద ముందుండాలి. విశ్వేశ్వర్ కుంటికాలు అంతదూరం నడవనివ్వదు. పోనీ ఆటోలో వెళ్దామంటే నవ్వుతారు.

“నేను ఈడనే ఉంట, మీరు పోండ్రి,” అన్నాడు చిన్నబుచ్చుకుని.

అప్పుడే ఎర్ర గుర్రం వచ్చి గుమ్మం ముందు ఆగింది. నుదుట అదే తెల్లచుక్క. మెడలో బంతిపూల దండ, కళ్లానికి వరసగా కట్టిన లాడ్ బజార్ గాజులు. పక్కనే డప్పులు దద్దరిల్లుతున్నా అది చెవి కదపలేదు.

విశ్వేశ్వర్ మనవరాలి వైపు చూశాడు. నగలన్నీ ఆమె ఒంటి మీదే ఉన్నాయి. ఆయనకు ప్రాణం లేచొచ్చింది.

“పెండ్లి పిల్లగాని కోసం తెప్పిచ్చినవా? ఒక్కమాట చెప్పకపోతివి!” అని గుసగుసలాడాడు. అంతలోనే లోపల్నుంచి వస్తున్న భార్యను చూసి గతుక్కుమన్నాడు. “అగో, మీ నానమ్మ! నాకేం తెల్వదని చెప్పు!”

వర్షిత నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సులోచన తిన్నగా గుర్రం దగ్గరికెళ్లి బెల్లం ముక్క పెట్టింది. తర్వాత మెల్లగా వంగి, తళతళా పాలిష్ చేసిన పాత జాకీ బూట్లు విశ్వేశ్వర్ కాళ్ల దగ్గర పెట్టింది.

“ఎక్కుండ్రి, మీ దగ్గర నేర్చుకోమని పిల్లను పంపింది నేనే.”