వాగు అవతలి కుర్చీ

వెర్లిన్ హూక్‌స్ట్రా లాంటి బావమరిది పగవాడికి కూడా వద్దు.

వాడి పొలానికీ నా పొలానికీ మధ్య ఒక చిన్న వాగు. దూకితే దాటొచ్చు. అవతల వాడి టీవీలో మా క్రేన్స్ బేస్‌బాల్ ఆట కనిపిస్తుంది. ఇవతల నా టీవీలో కనిపించదు.

అయోవాలో ఇది వింతేమీ కాదు. ఏ జట్టు ఆట ఏ ఊళ్ళో చూపించాలో, ఏ ఊళ్ళో ఆపాలో కేబుల్ వాళ్ళు గీతలు గీసుకుంటారు. దాణా కొట్టు దగ్గర నిలబడితే అందరిదీ ఒకటే ఏడుపు.

"మాకు రెండు జట్లు బంద్."

"నయమే. మాకు ఆరు!"

అందుకే రెండేళ్ళ కిందట నా తెర నల్లబడితే నేను ఆశ్చర్యపోలేదు. 'ఈ కార్యక్రమం చూడటానికి అనుమతి లేదు' అని ఒక ముక్క. దాని కింద నాలుగు చుక్కలు. అంతే. మిగతా ఛానెళ్ళన్నీ శుభ్రంగా వస్తున్నాయి. వంటలు, వాతావరణం, అన్నీ.

"గీత మన వాగు మీదుగా గీసుంటారు," అంది మా ఆవిడ ఆర్డిత్, అల్లిక సూదుల మీంచి తలెత్తకుండా. "పోనీ మా తమ్ముడి దగ్గర చూడు. ఎంత దూరం?"

క్రేన్స్ ఆట చూపించేది మా ట్రైరివర్ ఛానెల్ ఒక్కటే. వ్యాఖ్యానం ముసలి ఆర్విల్‌ది. మన జట్టువాడు బంతిని గోడ దాటిస్తే లేచి నిలబడి పాడతాడు. ఓడితే మైకులోనే ముక్కు చీదుతాడు. ఆ ముక్కు చీదుడు వినకపోతే నాకు ఎండాకాలం వచ్చినట్టే ఉండదు.

వెళ్ళాను. వెర్లిన్ ట్రాక్టర్ షెడ్డులో వాడికి సోఫా, నాకు తిరగేసిన బకెట్.

"బూట్లు బయట విప్పి రా బావా."

"ఎందుకురా?"

"మీ పాత టీవీ ఎలా పోయిందో అక్క చెప్పిందిలే."

బూటు చెయ్యి జారింది. ఎవరికి జారదు? కానీ వాడితో వాదించలేను, రిమోట్ వాడి చేతిలో ఉంది. నేను అంపైర్‌ని ఒక్క మాట అంటే చాలు, ట్రాక్టర్ల పందేలు పెట్టేసేవాడు. "అరవనని చెప్పు, మళ్ళీ తిప్పుతా." రెండు సీజన్లు నోట్లో టోపీ కుక్కుకుని చూశాను. యాభై దాటిన మనిషిని!

అక్కడ ఇంట్లో ఆర్డిత్ ఒక్కతే. పాపం, సాయంత్రాలు ఇల్లు ఎంత సందడిగా ఉండేది! ఇప్పుడు గోడ గడియారం చప్పుడు తప్ప ఏమీ లేదు. అయినా ఒక్కసారి నోరు విప్పి బాధపడలేదు. పైగా తలనొప్పి తగ్గిందని చెప్పేది, నన్ను నొప్పించడం ఇష్టం లేక.

ఈ ఏడు క్రేన్స్ ఫైనల్‌కి వచ్చారు. నేను పుట్టాక ఇదే మొదటిసారి. ఆ ఆట బకెట్ మీద కూర్చుని చూడనని ఒట్టు పెట్టుకున్నాను. నా కుర్చీలో, నా బూట్లతో, నా గొంతుతో చూడాలి.

"వాగు అవతల నీ రాళ్ళదిబ్బ నాకిచ్చెయ్," అన్నాను వెర్లిన్‌తో. "దాని మీద పందుల కొట్టంతో సహా."

"ఊరికే ఎవరిస్తారు బావా? రోడ్డు పక్క నీ చేను రాసివ్వు."

"ఆ రాళ్ళకి నా చేనా? నీకు సిగ్గుందిరా?"

"నాకు టీవీ ఉంది," అన్నాడు.

కాగితాల మీద ఆర్డిత్ సంతకం కూడా కావాలి. చస్తే ఒప్పుకోదనుకున్నాను. పెన్ను తనే వెతికి తెచ్చింది.

"కొట్టంలో ఒక పొయ్యి కూడా పెట్టించుకో. ముందు ముందు చలేస్తుంది," అంది. "ఒక మంచం కూడా."

నాకు కళ్ళు చెమర్చాయి.

పందుల కొట్టం కడిగాను. మళ్ళీ కడిగాను. వాసన పోలేదు, అయినా నాదే కదా. వెర్లిన్ షెడ్డు నుంచి తీగ లాగించాను. కొత్తవాటికి డబ్బు దండగని ఇంట్లో టీవీనీ, కేబుల్ పెట్టెనీ ఊడబీకి తెచ్చుకున్నాను. కుర్చీ నెత్తిన పెట్టుకుని వాగు దాటాను. ఆర్డిత్ ఖీమా శాండ్‌విచ్‌లు కట్టిచ్చి, గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపింది. నేను కనుమరుగయ్యేదాకా ఊపింది.

బూట్లు తొడుక్కునే కూర్చున్నాను. బీరు మూత తీశాను. గొంతు సవరించుకుని ట్రైరివర్ నొక్కాను.

నలుపు. అదే ముక్క. అవే నాలుగు చుక్కలు.

కంపెనీకి ఫోన్ కొట్టాను. ఎవరో అమ్మాయి ఎత్తింది. రెండేళ్ళుగా టోపీలో కుక్కిన తిట్లన్నీ ఒక్కసారి బయటికొచ్చాయి.

"మీ గీత ఎక్కడుందో చెప్పు తల్లీ! ఇంకా ఎంత దూరం జరగాలి? నెబ్రాస్కాలో కాపురం పెట్టమంటారా?"

"సార్, ఒక్క నిమిషం. తెర మీద చుక్కలున్నాయా?"

"ఉన్నాయి. నాలుగు. నా సమాధి మీద కూడా అవే చెక్కించండి!"

అవతల కీబోర్డు టకటకలాడింది. వాగుకి అటుపక్క మా ఇంటి కిటికీలో దీపం వెలుగుతోంది. ఆర్డిత్ కాళ్ళు స్టూలు మీద చాపుకుని అల్లుకుంటోంది. ఫోన్‌లో అమ్మాయి నవ్వు ఆపుకుంటున్నట్టు దగ్గింది.

"సార్, మీ జిల్లాలో క్రేన్స్ ఆటకి మేం ఎప్పుడూ అడ్డు పెట్టలేదు, అది రెండేళ్ళ కిందట ఆర్డిత్ గారు మాకు ఫోన్ చేసి పెట్టించుకున్న, పిల్లలు చూడకుండా వేసే నాలుగంకెల తాళం," అంది, నా పదకొండు ఎకరాల నల్లనేల వెర్లిన్ పాలయ్యాక.