గంపలో తొమ్మిది కండెలు

"ఒక్కొక్కలకు రెండు కండెలు. ఒకటి దారం నిండింది, ఒకటి ఖాళీది. ఈఎస్‌ఐ కావాలంటె నిండుది గంపల ఎయ్యున్రి. వద్దంటె ఖాళీది ఎయ్యున్రి. మిగిలినదాన్ని ఎవ్వలకు సూపకుంట మీ సద్ది సంచిల పెట్టుకోన్రి. సమజైందా?"

లక్ష్మీకాంతరావు సేటు మాట అందరికీ వినబడాలని మేస్త్రీ భానుప్రసాద్ సాంచలన్నీ ఆపేశాడు. చొప్పదండి చివర, ఆ రేకుల షెడ్డులో మరమగ్గాలన్నీ ఒకేసారి ఆగడం కరెంటు పోయినప్పుడు తప్ప ఎవరూ చూడలేదు.

పదిమంది పనివాళ్లుంటేనే ఈఎస్‌ఐ బీమా అనేవాళ్లు ఇన్నాళ్లూ. ఇక్కడున్నది తొమ్మిదిమంది. కొత్త చట్టం వచ్చాక తక్కువమంది ఉన్నా చేరొచ్చట. సేటు ఒప్పుకోవాలి, పనివాళ్లలో సగానికి మించి ఒప్పుకోవాలి. సేటు ఒప్పుకున్నాడు. ఇక ఐదు నిండు కండెలు పడితే చాలు.

"సేటూ, మా కూలిలకెల్లి పైసలు కోస్తరా?" సక్కుబాయి అడిగింది. మరమగ్గాలకు పేరుపడ్డ భీవండిలో ఇరవయ్యేళ్లు పనిచేసి వచ్చిన మనిషి.

"జరంత. మీకన్న నాకే ఎక్కువ పడ్తది."

"జరంతైనా కోసుడు కోసుడే! భీవండిల గిట్లనే కోసిండ్రు. కార్డు మొఖం గూడ సూడలే."

"పైసలు గాదక్కా, అసలు కథ వేరే ఉన్నది," భానుప్రసాద్ గొంతు తగ్గించాడు. "కార్డియ్యాలంటె ముందుగాల డాక్టరచ్చి అందరి ఛాతి ఫోటో దీస్తడట. రోగమున్నోన్ని పట్టి, వీన్ని పనిలకెల్లి తీసెయ్ అని సేటుకు చిట్టీ రాస్తడట!"

"ఎవడు జెప్పిండుర నీకు? అసొంటిదేం లేదు," సేటు కసిరాడు.

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా రామచంద్రం నవ్వాడు. ఆ నవ్వు కాస్తా దగ్గయింది. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని షెడ్డు బయటికి పరుగెత్తాడు.

"దుమ్ము పడ్డది," అంది అతని భార్య అనసూర్య, ఎవరూ అడగకముందే.

ఆమె అదే షెడ్డులో కండెలు చుడుతుంది. ఇవాళ పంచిన నిండు కండెలు పొద్దున ఆమె చుట్టినవే. ఒక్కోటీ చుడుతూ మనసులో ఒక్కో దండం పెట్టుకుంది.

ఆర్నెల్లు దూది దుమ్ముకు దూరంగా ఉండాలని కరీంనగర్ డాక్టరు రామచంద్రానికి చెప్పి రెండు వారాలయింది. మందులంటే సర్కారు దవాఖానలో ఊరికే ఇస్తారు. ఆర్నెల్ల కూలి ఎవరిస్తారు? ఈఎస్‌ఐలో పేరెక్కి కొన్ని నెలలు గడిస్తే, పనికి పోలేని రోజులకు కూడా కూలిలో కొంత ఇస్తారని పక్కింటి నవీన ఫోనులో చదివి చెప్పింది. అప్పట్నుంచి అనసూర్యకు అదొక్కటే ధ్యాస.

"నీ దగ్గు సంగతి సేటుకు జెప్పుదామయ్య," అంది డాక్టరు చెప్పిన రోజే.

"పిచ్చిదానివా? పోయినేడు అంబదాస్ దగ్గుతుండని సాంచ తీసుకొని వేరేటోనికిచ్చిండు. యాదికి లేదా?"

అందుకే ఇద్దరూ నోరు మెదపలేదు.

నూలు మూటల వెనక గంప పెట్టారు. ఒక్కొక్కరే వెళ్లి వచ్చారు. అనసూర్య నిండు కండెను కళ్లకద్దుకుని మరీ వేసింది. అందరికంటే చివర రామచంద్రం వెళ్లాడు. మూతి తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

భానుప్రసాద్ గంప బోర్లించి లెక్కపెట్టాడు.

"నిండువి నాలుగు. ఖాళీవి ఐదు."

"మీకే వద్దాయె. ఇగ నన్నేం అనద్దు," అని సేటు చేతులు దులుపుకున్నాడు. సాంచలు మళ్లీ మోగాయి.

ఒక్క కండె! ఒక్కటంటే ఒక్క కండె తక్కువ! అనసూర్య సక్కుబాయి మీదికి పోయింది.

"నాల్గు పైసలకు ఆశపడి మా కొంప ముంచితివి గదక్కా!"

"అవు, ఖాళీదే ఏసిన. దాసుడేంది?" సక్కుబాయి తగ్గలేదు. "నన్నొక్కదాన్ని అంటవేందే? ఇంక నలుగురేసిండ్రు. పోయి ఆళ్లనడుగు."

రామచంద్రం వచ్చి భార్య చెయ్యి పట్టుకున్నాడు.

"ఊకో అనసూర్యా. నాకేమైందని? మంచిగనే ఉన్న."

పొద్దుగూకే వేళ ఇంటికి నడుస్తున్నంతసేపూ ఆమె ఆ ఐదుగురినీ తిడుతూనే ఉంది. అతను తలొంచుకుని రెండడుగులు ముందు నడిచాడు.

"నీ పానం మీదికొస్తే నాకే రంది గని నీకు లేదా? గింత నిమ్మలంగ ఎట్లున్నవయ్య?"

"ఏం జెయ్యాలె మరి? రేపు మళ్ల సాంచ నడుపాలె గదా."

ఇంటికి రాగానే మంచమెక్కి గోడవైపు తిరిగి పడుకున్నాడు. వీపు దగ్గుకు ఎగిరెగిరి పడుతోంది.

అనసూర్య సద్ది గిన్నెలు కడగడానికి కూర్చుంది. ముందు తన సంచి విప్పింది. గిన్నె కింద ఖాళీ కండె కనబడితే వాకిట్లోకి విసిరికొట్టింది.

"ఆ ఐదుగురు ఎవలో తెల్వాలె. ఒక్కొక్కల ఇంటిముంగట నిలబడి అడుగుత," అంది.

మంచం మీద దగ్గు ఆగింది.

ఆమె అతని సంచి దగ్గరికి లాక్కుని, గిన్నె కోసం లోపల చెయ్యి పెట్టింది.

చేతికి దారం నిండిన కండె తగిలింది.