మా ఇంట్లోనూ అంతే

“మీ ఆవిడకా అబ్బాయ్?”

పక్కన కూర్చున్న పెద్దాయన అడిగేసరికి రాఘవ చేతిలో రిపోర్టు కవరు ఒళ్ళో బోర్లించాడు.

నరసరావుపేటలో రొమ్ము డాక్టరమ్మ గది ముందు బెంచీ అది. ఆ పెద్దాయన తప్ప చుట్టూ అందరూ ఆడవాళ్ళే. గడ్డ ఉన్నది తన రొమ్ములోనేనని మాచర్ల లారీ డ్రైవరు ఏ నోటితో చెప్తాడు?

“ఆఁ, మా ఆవిడకండీ.”

“మా ఇంట్లోనూ అంతే. ఇక్కడే ఆపరేషనైంది. ఏళ్ళు గడిచినయ్, ఏ ఢోకా లేదు. ఆలస్యం చెయ్యమాక.”

రాఘవ తలూపాడు. గడ్డలోంచి ముక్క తీసి చేసిన పరీక్ష రిపోర్టు చూసి డాక్టరమ్మ ఇందాకే చెప్పింది.

“కేన్సరే. మగవాళ్ళకి అరుదుగా వస్తుంది, అంతే. ఇంకా చిన్నగానే ఉంది. వెంటనే తీయించుకుంటే బాగుపడతావు. రేపే చేరు.”

చేరితే ఊరంతా తెలుస్తుంది. ఎండలో కూడా చొక్కా విప్పడం లేదని లారీ అడ్డాలో ఇప్పటికే “ఏరా కొత్త పెళ్ళికూతురా!” అని ఆటపట్టిస్తున్నారు. రొమ్ము కోయించుకున్నాడని తెలిస్తే ఇక అక్కడ బతకనిస్తారా? చేరకపోతే చావు. ఎటు చూసినా దారి లేదు.

పెద్దాయన తన చొక్కా పై గుండీ మీద చెయ్యేశాడు. “ఇట్టా పక్కకి రా. నీకొకటి చూపిస్తా.”

ఆస్పత్రి బ్రోకరు! జేబులోంచి కార్డు తీస్తాడు కాబోలు అనుకున్నాడు రాఘవ.

“నీ బేరాలు నా దగ్గర కాదు పెద్దాయనా!”

విసురుగా లేచి మాచర్ల బస్సెక్కేశాడు.

ఇంట్లో భార్య జ్యోతికి కూడా చెప్పలేదు. మరుసటేడు వానాకాలంలో ఒకరోజు గడ్డ పగిలి చొక్కా తడిస్తే, ఆమే చూసి లబోదిబోమంటూ ఆస్పత్రికి లాక్కొచ్చింది.

“ఊపిరితిత్తుల్లోకి పాకింది,” అంది డాక్టరమ్మ. “మందులిస్తాం. కోసి తీసేసే రోజులు దాటిపోయాయి.”

బయటికొచ్చి బెంచీ వంక చూశాడు రాఘవ. ఆ మనిషి మాట వింటే ఎంత బాగుండేది! ఏడుపు ఆగలేదు.

“ఇక్కడ కూర్చునే పెద్దాయన ఏడమ్మా?” అని అక్కడ ఊడుస్తున్న ఆయమ్మనడిగాడు.

“లక్ష్మీనారాయణ గారా? పోయిన నెల గుండెపోటొచ్చి పోయాడు బాబూ. చానా మంచోడు. నీలాంటోళ్ళ కోసమే రోజూ వచ్చి కూర్చునేవాడు.”

“అయ్యో! మరి వాళ్ళావిడకి దిక్కెవరు? ఆమెకీ ఇదే జబ్బని చెప్పాడే!”

ఆయమ్మ వింతగా చూసింది.

“వాళ్ళావిడేంది? ఆయన పెళ్ళే చేసుకోలా. ఆ ఇంట్లో ఉండేది ఆయనొక్కడే.”