బంకు పెట్రోలుతోనే

“బాబాయ్, మళ్ళీ కొట్టింది.”

శనివారం పొద్దున్నే గిరీష్ ఫోను. భవానీప్రసాద్ చేతిలో స్పానర్ బల్ల మీద పెట్టి కూర్చున్నాడు.

“ఎక్కడ?”

“నిన్న, పెనుగంచిప్రోలు రోడ్డులో. గట్టిగా తొక్కగానే లోపల సుత్తితో కొట్టినట్టు టకటకమని ఒకటే చప్పుడు.”

“ఏ బంకులో పోయించావు?”

“మీరు చెప్పినట్టే మార్చా. ఇది మూడో బంకు.”

“కల్తీ పెట్రోలైతే దేవుడు కట్టిన ఇంజనైనా కొడుతుందయ్యా. సరే, రేపు తీసుకురా.”

గిరీష్‌ది జగ్గయ్యపేట. టోకు పప్పుల కొట్టు. ఆర్నెల్ల కిందట తన పాత కారునీ, కోయంబత్తూరులో సెకండ్ హ్యాండ్‌లో కొన్న సూపర్‌ఛార్జర్‌నీ తీసుకుని నందిగామలో భవానీప్రసాద్ మెకానిక్ షెడ్డుకి వచ్చాడు. సూపర్‌ఛార్జర్ అంటే ఇంజన్‌లోకి గాలిని బలవంతాన కుక్కే యంత్రం. గాలి ఎక్కువైతే బలం పెరుగుతుంది, నిజమే. కానీ మామూలు పెట్రోలు ఆ ఒత్తిడికి ఆగలేక, నిప్పురవ్వ పడకముందే అంటుకుంటుంది. ఆ దెబ్బ పిస్టన్ నెత్తిన పడుతుంది. కారు పందేల వాళ్లు దానికి వేరే పెట్రోలు వాడతారు. జగ్గయ్యపేటలో అది ఎవరమ్ముతారు?

“బంకులో దొరికే పెట్రోలుతోనే నడవాలండి” అన్నాడు గిరీష్ ఆ రోజు.

“నడిపిస్తా” అన్నాడు భవానీప్రసాద్.

హైదరాబాదులో ముగ్గురు మావల్ల కాదన్న పని అది. ఈయన రెండు నెలలు కూర్చున్నాడు. గట్టి పిస్టన్లు తెప్పించాడు. హెడ్ కింద మందపాటి గాస్కెట్ వేసి కంప్రెషన్, అంటే లోపలి ఒత్తిడి, తగ్గించాడు. స్పార్క్‌ని వెంట్రుకవాసి వెనక్కి జరిపాడు. నలభై ఏళ్లుగా ఇంజన్లు కట్టిన చేయి మరి. ఒకప్పుడు మైలవరం నుంచి కూడా లారీలు వచ్చి ఈ షెడ్డు ముందు వరస కట్టేవి. ఇప్పుడు ఇంజన్ పాడైతే ఎవరూ విప్పించరు, కొత్తది బిగించేస్తారు.

పెళ్లి సంగతంటారా, ఇంజన్ల ధ్యాసలో ముహూర్తాలన్నీ దాటిపోయాయి. కొన్ని రోజులైతే ఎదురుగా టీ కొట్టు ఆరోగ్యమ్మ తప్ప పలకరించే మనిషే ఉండదు. ఆవిడైనా “చక్కెర వెయ్యనా?” అని అడగొచ్చు. ఈయన వేసుకోడని తెలుసు కాబట్టి అదీ అడగదు.

ఆదివారం మాత్రం వేరు. గిరీష్ వేడి వేడి పునుగులు పట్టుకొస్తాడు. పాత టైరు మీద కూర్చుని కంది ధర చెబుతాడు, భార్య లక్ష్మీప్రసన్న అలక చెబుతాడు, కూతురు మనోజ్ఞ బడిలో వేసిన డాన్సు చేతులతో వేసి చూపిస్తాడు. మొదటి నెల “మెకానిక్ గారూ” అన్నవాడు రెండో నెలకి “బాబాయ్” అన్నాడు. ఆ మాట విన్నరోజు భవానీప్రసాద్ రెండు పూటలా కడుపునిండా తిన్నాడు.

సాయంత్రం ట్యాంకులో పాత పెట్రోలు తీసేసి కొత్తది పోసి హైవే ఎక్కిస్తే ఇంజన్ గుక్క తిప్పుకోకుండా పరిగెత్తేది. గిరీష్ సంబరంగా ఇంటికి పోయేవాడు. శనివారానికల్లా మళ్ళీ ఫోను.

ఈ ఆదివారం పునుగులు లేవు. గిరీష్ మొహంలో కళ లేదు.

“ఫోన్లో చెప్పలేదు బాబాయ్, పక్కన మా ఆవిడుంది. మొన్న తిరుపతమ్మ గుడికి బయల్దేరాం ముగ్గురం. లారీని దాటుతుంటే కొట్టడం మొదలెట్టింది. పిస్టన్ పగులుద్దేమోనని కాలు తీసేసా. ఎదురుగా బస్సు. ఎలాగో మట్టిలోకి దింపేసా. ఎవరికీ ఏం కాలేదు గానీ, పాప ఇప్పటికీ కారెక్కనంటోంది.”

భవానీప్రసాద్ తాళం కోసం చేయి చాచాడు.

“ఇదే ఆఖరు. ఈసారి కొడితే సూపర్‌ఛార్జర్ పీకి అమ్మేస్తా. హైదరాబాదులో ఇంకెవరికో చూపిద్దామన్నాడు మా బావమరిది. మా బాబాయ్ వల్ల కానిది ఇంకెవరి వల్లా కాదన్నా.”

భవానీప్రసాద్ తల వంచుకుని బానెట్ ఎత్తాడు. ప్లగ్గులు విప్పి చూశాడు, బోల్టులన్నీ ఒక్కొక్కటే బిగించి చూశాడు. గిరీష్ టైరు మీద కూర్చోకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. మళ్ళీ కొడితే ఈ కుర్రాడు ఇక రాడు. కొట్టకపోతే రావాల్సిన పనే ఉండదు. ఎటు చూసినా వచ్చే ఆదివారం తనొక్కడే.

సాయంత్రం ఎప్పట్లాగే పెట్రోలు మార్చి హైవే మీద నాలుగు కిలోమీటర్లు తిప్పి తెచ్చారు. చప్పుడు లేదు. గిరీష్ వెళ్లి ఆరోగ్యమ్మకి టీ డబ్బులిచ్చి వచ్చాడు.

“ఇక కొట్టదు” అన్నాడు భవానీప్రసాద్ తాళం చేతికిస్తూ. “పాపని ఎక్కించుకో. భయం లేదు.”

“ఇంత గట్టిగా ఎప్పుడూ చెప్పలేదు బాబాయ్ మీరు.”

“ఇప్పుడు చెబుతున్నా కదా.”

“కొడితే ఫోన్ చేస్తా.”

“అలాగే.”

శనివారం వచ్చింది. ఫోను మోగలేదు. అది పనిచేస్తోందో లేదోనని ఆయన రెండుసార్లు తీసి చూసుకున్నాడు.

ఆదివారం ఆరోగ్యమ్మ షెడ్డు గుమ్మం దగ్గరికి వచ్చింది.

“రెండు టీలా అండీ?”

“ఒకటే.”

“అయితే బాగైపోయిందన్నమాట. ఇంతకీ అన్నాళ్లు ఆ ఇంజన్‌లో ఏం లోపం అండీ?”

“ఇంజన్‌లో ఏ లోపమూ లేదమ్మా” అన్నాడు భవానీప్రసాద్.

నాలుగు నెలలుగా, గిరీష్ టీ డబ్బులిచ్చి వచ్చేలోగా ఆ కారు ట్యాంకులో కిరోసిన్ పోస్తూ వచ్చినవాడు, పోయిన ఆదివారం మాత్రం పోయలేదు.