ఒక్క తడి

"ఓ పిల్లా, ఆగు! కిందికి దిగకు, గేటెత్తుతున్న!"

వాగు మీది చిన్న డ్యాం దగ్గర, గేటు చక్రం పట్టుకొని నిలబడ్డ మొగిలయ్య గట్టిగా అరిచాడు. తల మీద చెద్దర్ల మూటతో వాగులోకి దిగబోతున్న ప్రవీణ ఆగిపోయింది. తుమ్మచెట్ల మలుపు అవతల బట్టలు పిండే బండలున్నాయి. ఆమె పోయేది అక్కడికే. వెనకాలే పార భుజాన వేసుకొని వస్తున్న తల్లి నర్సక్క కూడా ఆగింది.

"నిన్న పంచాయతీ మైకుల చెప్పిచ్చిన గదా, ఇయ్యాల ఎవ్వరు వాగుల దిగొద్దని!"

"నువ్వు ఇంటికి పో బిడ్డా. ఇయ్యాల వద్దు, రేప్పొద్దుగాల పిండుకుందువు" అని కూతుర్ని వెనక్కి పంపి, నర్సక్క పార కింద పడేసింది. "ఏంది మొగిలన్నా, గేటెత్తితే నా పొలం గతేంది?"

"ముందుగాల గీ గోడ చూడు. పర్రె నిన్నటికంటె పెద్దగైంది. మొన్నటిదాంక తేటగ కారిన నీళ్లు ఇప్పుడు మట్టితోని వస్తున్నయ్. పైన మబ్బు వట్టింది. వాన గొట్టిందంటె గోడ ఆగది. నీళ్లు ఖాళీ చెయ్యమని సార్లు ఫోన్ చేసిండ్రు."

"వరి పాలు పోసుకుంటున్నది అన్నా. ఒక్క తడి. గంతే. గేటెత్తితే కాలువకు నీళ్లెక్కయి, గింజలన్ని తాలైతయి."

"నాకు తెల్వదా అక్కా..."

"తెలిస్తె చక్రం మీద చెయ్యెట్ల ఏసినవ్? నీ చేతులు పడిపోను!"

నర్సక్క నోటికి సారంగాపూర్ దాకా పేరుంది. నోరొక్కటే అయితే మొగిలయ్య ఎలాగో ఓర్చుకునేవాడే. ఆమె వచ్చి చక్రం పక్కనే చతికిలబడి, కొంగు తీసి చక్రానికి ముడేసింది.

"ఇగ తిప్పు. నన్ను గూడ తిప్పు."

మొగిలయ్య తల పట్టుకున్నాడు. కొంగు విప్పమంటే విప్పదు, లేవమంటే లేవదు. ఒకసారి గోడకేసి చూశాడు, ఒకసారి ఆకాశంకేసి చూశాడు. మబ్బు కొంచెం విడిచినట్టే ఉంది. కాలువ అవతల ఆమె పొలం పచ్చగా, కంకులు వంగీ వంగకుండా నిలబడి ఉంది. అతనికీ ఓ చిన్న మడి ఉంది, ఎండిన వరి ఎలా ఉంటుందో చూసినవాడు. జాలిపడ్డాడు. జాలిపడటం తప్పని అతనికి ఎవరు మాత్రం చెబుతారు!

"సరె, రేప్పొద్దుగాల ఎత్తుత. కని మళ్ల మైకుల చెప్పియ్యాలె. సెక్రటరీ జగిత్యాల పొయ్యిండు, పంచాయతీ తాళం ఆయన దగ్గర్నే ఉన్నది."

"మైకెందుకన్నా? నేనున్న గదా. అందరికి నేను చెప్త."

"అందరికి చెప్పాలె నర్సక్కా. ఒక్కర్ని మరువొద్దు."

"ఒక్కర్ని మరువ. నా మీద ఒట్టు."

నర్సక్క మాట తప్పే మనిషి కాదు. పొద్దంతా మోకాలి లోతు బురదలో నిలబడి మడి మడికీ నీళ్లు మళ్లించింది. సాయంత్రం కాళ్లు కూడా కడుక్కోకుండా వాగు పొడుగునా తిరిగింది. వలలు వేసేవాళ్లకు చెప్పింది, మేకలు మేపే ఫరూఖ్‌కు చెప్పింది, మోటార్ల దగ్గరున్న రైతులకు పేరుపేరునా చెప్పి, వాడల్లోనూ కేకేసి వచ్చింది. ఇల్లు చేరేసరికి అత్త చంద్రవ్వా కూతురూ నిద్రపోయారు. ఉన్నదేదో తిని తనూ నడుం వాల్చింది. అలసిపోయిన ఒళ్లు, పడుకోగానే నిద్ర పట్టింది.

తెల్లవారకముందే లేచి నేరుగా పొలానికి పోయింది. మడులన్నీ నిండి ఉన్నాయి. ఆ నీళ్లు చూస్తే ఆమెకు కడుపు నిండినట్టయింది. అప్పుడే నిన్నటి తిట్టు గుర్తుకొచ్చి మనసు చివుక్కుమంది. పాపం, మంచికి పోయిన మనిషిని ఎంత మాట అంది!

వెలుగు వచ్చేసరికి రెండు కాల్చిన మక్కకంకులు కొంగున కట్టుకొని డ్యాం దగ్గరికి వచ్చింది. గోడ పర్రెలోంచి నీళ్లు ఎర్రగా చిమ్ముతున్నాయి. మొగిలయ్య కూడా అప్పుడే వచ్చాడు.

"నిన్న నోరు జారిన మొగిలన్నా. నీ చేతులు పడిపోవాల్నన్న. తప్పైంది, మనసుల వెట్టుకోకు."

"నువ్వన్నంత మాత్రాన పడిపోతయా? ఇగో, మంచిగనే ఉన్నయ్" అని రెండు చేతులూ ఆడించి నవ్వాడు. కంకి అందుకొని అడిగాడు. "అందరికి చెప్పినవా?"

"చెప్పిన. ఫరూఖ్ మేకల్ని అవుతలి ఒడ్డుకు తోలుకపొయ్యిండు. వలలోళ్లు వలలు తీసిండ్రు."

"అయితె ఎత్తుదాం పా."

"నువ్వుండు. ఇయ్యాల నీ చేతులకు పని చెప్పను. నేను తిప్పుత."

వద్దంటున్నా వినకుండా చక్రం పట్టుకుంది. తుప్పు పట్టిన చక్రం మొదట మొరాయించింది. ఆమె బలమంతా వేసి తిప్పింది. గేటు కిర్రుమంటూ లేచింది. నీళ్లు ఒక్క దూకున కింద పడి, ఇసుక మీద పరుచుకొని, తుమ్మచెట్ల మలుపు దాటిపోయాయి. గోడ మీద బరువు తగ్గిందని మొగిలయ్య ఊపిరి పీల్చుకున్నాడు. నర్సక్క చేతులు దులుపుకొని, తన గుండెల మీది బరువు కూడా దిగిపోయినట్టు నవ్వింది.

కొంగున ఉన్న ఫోన్ మోగింది. ఇంటి నుంచి అత్త. నీళ్ల హోరులో వినపడక రెండో చెవి మూసుకొని పక్కకు వచ్చింది.

"ఏందత్తా?"

"నర్సా, ఇంకెంతసేపే? ప్రవీణ చాయ గూడ తాగకుంట పొయ్యింది. అస్తె ఇద్దరు కలిసి రాండ్రి."

"ప్రవీణ యాడికి పొయ్యింది?"

"వాగుకే. తెల్లారంగనే చెద్దర్ల మూట ఎత్తుకున్నది. ఇంత పొద్దుగాల ఎందుకే అంటె, రేప్పొద్దుగాల పిండుకొమ్మని నిన్న అమ్మనే చెప్పింది నాయనమ్మా, అన్నది."