ఉల్టా సాబ్

సిమెంటు బస్తా భుజానికెత్తుకుని నాలుగడుగులు వేసిన భోజన్న టక్కున ఆగిపోయాడు.

ఎదురుగా ఉల్టా సాబ్ నిలబడి ఉన్నాడు. మళ్లీ తన నడుము వైపే చూస్తున్నాడు!



ఎనభై మూడులో, దుబాయ్ అవతల రాస్ అల్ ఖైమాలో కొత్తగా గోదాములు కడుతున్న సైటు అది. అక్కడ ఎవరికీ దెబ్బలు తగలకుండా చూసుకునే అమెరికావాడే ఈ సాబ్. అసలు పేరు వెండెల్. ఆ పేరు మనవాళ్లకు నోరు తిరగలేదు. ముందుకు నడిస్తే అతనికి కుడికాలు కుంటు. లారీలకు దారి చూపిస్తూ వెనక్కి నడిచేటప్పుడు మాత్రం ఆ కుంటు ఎక్కడికి పోయేదో పోయేది. అందుకే ఉల్టా సాబ్ అయ్యాడు.

నడక సంగతి సరే. ఆ చూపే ఎవరికీ అంతుపట్టలేదు. ఎవరు ఎదురొచ్చినా మొహం చూడడు, నడుము చూస్తాడు.

"వాని కన్ను మన మొల సంచుల మీదనే ఉన్నది" అని తేల్చేశాడు తోటి కూలీ ఆశన్న.

సైటులో అందరూ బతాకా అనే గుర్తింపు కార్డూ, చిల్లర దిర్హాములూ మొలకు కట్టుకున్న సంచిలోనే దాచుకుంటారు మరి. ఆనాటి నుంచి సాబ్ కనబడితే చాలు, అందరి చేతులూ మొలమీదికి పోయేవి.

భోజన్న భయం వేరు. అతని చొక్కా కింద నడుముకు బిగించి చుట్టిన తువాల ఉంది. రెండు నెలల కింద బస్తాతో జారినప్పుడు లోపల ఏదో కలుక్కుమంది. చెబుదామంటే నోరు రాలేదు. చెయ్యి విరిగిందని చెప్పుకున్న రాజలింగాన్ని మూడో రోజే విమానం ఎక్కించారు. ఊళ్లో భార్య కొమురవ్వ అతని సంపాదన నమ్ముకుని బావి తవ్విస్తోంది. నీళ్లు పడాలంటే ఇంకా నాలుగు గజాలు దిగాలి. ఇప్పుడు ఇంటికి పోతే ఆ బావి వట్టి గొయ్యిగానే మిగిలిపోతుంది.

"బస్తా నీచే రఖో" అన్నాడు సాబ్, వచ్చిన నాలుగు ముక్కల హిందీలో.

భోజన్న దించాడు.

"చలో. లెఫ్ట్."

భోజన్న ఎడమకు నడిచాడు. సాబ్ మోకాళ్లు కొంచెం వంచి, ఎదురుగానే వెనక్కి జరిగాడు.

"రైట్."

భోజన్న అడుగు వెయ్యకముందే సాబ్ ఆ పక్కన ఉన్నాడు! చుట్టూ ఈలలు.

"పుంజుల కొట్లాట లెక్కున్నదిరా!" అని ఆశన్న పగలబడి నవ్వాడు.

మూడోసారి మలుపులో నడుము చురుక్కుమంది. భోజన్న నవ్వుమొహం పెట్టాడు. సాబ్ మాత్రం ఆగిపోయి, అతని నడుము మీద చెయ్యి వేశాడు. చేతికి తువాల తగిలింది.

"దర్ద్?"

"నై సాబ్! బిల్కుల్ నై!"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, రెండు చేతులూ నడుము మీద వేసుకుని మరీ అన్నాడు భోజన్న. సాబ్ నవ్వలేదు. కుంటుకుంటూ నేరుగా ముదీర్ అని అందరూ పిలిచే మేనేజరు ఆఫీసులోకి పోయాడు.

"చాడీ చెప్పవోయిండు. నీ పని ఖలాస్" అన్నాడు ఆశన్న.

మధ్యాహ్నానికి సాబ్ సంచీ పట్టుకుని బయటికొచ్చాడు. అతని కాంట్రాక్టు ఆ రోజుతో సరి. అందరికీ చెయ్యి కలుపుతూ వచ్చి, భోజన్న ముందు కూడా చెయ్యి చాపాడు.

భోజన్న తన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"నా పొట్ట కొట్టి చెయ్యి గలుపుమంటడా?"

మాట అర్థం కాకపోయినా మొహం అర్థమైనట్టుంది. సాబ్ మెల్లగా తలూపి కారెక్కాడు.

కాసేపటికి ఆఫీసులో టీ ఇచ్చే ఇమామ్ హుస్సేన్ వచ్చాడు.

"భోజన్నా, ముదీర్ పిలుస్తా ఉండాడు."

కాళ్లు ఈడ్చుకుంటూ వెళ్లాడు భోజన్న. ముదీర్ ఏదో కాగితం చూస్తూ అరబ్బీలో చెప్పాడు. ఇమామ్ హుస్సేన్ తెలుగులోకి మార్చాడు.

"రేపట్నుంచి నువ్వు బస్తాలు ఎత్తేది లేదంట."

"ఇంటికి తోలుతున్నరా భాయ్?"

"యాడికీ పొయ్యేది లే. రేపు ఆస్పత్రికి పోవాల. పదైదు రోజులు పండుకోని, ఆనక గేటు కాడ కుర్చీలో కూచో. లారీలొస్తే గేటు తియ్యి. జీతం అదే."

"ఉత్తగనే ఎందుకిస్తరు?"

"సాబ్ రాసిచ్చిపోయినాడు. నిన్ను పంపించేస్తే రేపు ఎవుడూ నొప్పి అని నోరు తెరవడంట. దాచుకోని ఎత్తి, ఒకనాడు పైనుంచి పడి సస్తాడంట. సంతకం పెట్టేదాంక ముదీర్‌ను ఇడిస్తే గదా!"

భోజన్న అక్కడే నేల మీద కూలబడ్డాడు. పోయిన ప్రాణం లేచొచ్చింది. నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. కొమురవ్వ బావి ఇక ఆగదు! రెండు నెలల తర్వాత గుండె నిండా గాలి పీల్చుకున్నాడు.

అంతలో గుర్తొచ్చి బయటికి పరుగెత్తాడు. కారు దుబాయ్ రోడ్డెక్కి చాలాసేపయింది.

"చెయ్యి గూడ గలుపకపోతిని భాయ్" అన్నాడు వెనకే వచ్చిన ఇమామ్ హుస్సేన్‌తో. "గాయనకెట్ల ఎరుకైంది? డాక్టరా?"

"డాక్టర్ గాదు. రోజూ టీ తాగతా నాకు జెప్పేవోడు. అమెరికాలో జీతానికి బంతాట ఆడినోడు. కార్నర్‌బ్యాక్ అంటారంట. ఎదుటి జట్టోడు బంతి కోసరం ఉరికొస్తా ఉంటే, వాని దిక్కు మొగం పెట్టి, వెనక్కి ఉరుకుతా కాయాల. కండ్లు మోసం జేస్తాయి, భుజాలు మోసం జేస్తాయి, నడుము మాత్రం చెయ్యలేదంట. ఆ సూపు ఆటలో అలవాటైంది."

"గంత ఆటగాడు గీ సిమెంటు దుమ్ములకెందుకొచ్చిండు?"



"ఎనిమిదేండ్లు బాగానే ఆడినాడంట. తొమ్మిదో ఏడు, మోకాలు నొప్పంటే జట్టులోంచి తీసేస్తారని ఎవురికీ చెప్పకుండా నవ్వుకుంటా ఆడి, ఆ ఆటనే పోగొట్టుకున్నాడంట భోజన్నా."